సైన్స్ వీడియోలు శ్రద్ధగా చూస్తున్నారు, అడిగితే మాత్రం చెప్పలేకపోతున్నారు. ఇంట్లో చదివించేవాళ్ళు ఏం చేస్తున్నారు?

నీలిఆకాశం
అందరికీ నమస్కారం. పిల్లలిద్దరినీ ఇంట్లోనే చదివిస్తున్నాం. పాపకు పన్నెండేళ్ళు, బాబుకు ఎనిమిది. లెక్కలూ భాషలూ పుస్తకాలతో బాగానే సాగుతున్నాయి. నేను చదివింది కామర్స్ కాబట్టి సైన్స్‌కి మాత్రం వీడియోల మీదే ఆధారపడ్డాం. ఖాన్ అకాడమీ, క్రాష్ కోర్స్, ఇంకా కొన్ని ఛానెళ్ళు చూస్తారు.

చూస్తున్నంతసేపూ ఇద్దరూ కళ్ళార్పరు. "అర్థమైందా?" అంటే "ఓ, అర్థమైంది" అంటారు. మర్నాడు అదే సంగతి కాస్త తిప్పి అడిగితే బిక్కమొహం వేస్తారు. న్యూటన్ సూత్రాల మీద మంచి వీడియో ఒకటి చూశాక పాపను ఇలా అడిగాను: "బంతిని పైకి విసిరాం. చేతిని వదిలేసింది, ఇంకా పైకి పోతూనే ఉంది. ఇప్పుడు దాని మీద ఏయే బలాలు పనిచేస్తున్నాయి?" అది తడుముకోకుండా "చెయ్యి ఇచ్చిన బలం పైకి, భూమి లాగే బలం కిందికి" అంది. గాలి సంగతి వదిలేస్తే అక్కడ ఉండేది భూమి లాగే బలం ఒక్కటేనని ఆ వీడియోలో స్పష్టంగా చెప్పారు. మరి అంత శ్రద్ధగా విన్నది ఎటు పోయింది?

వీడియోలు తగ్గించాలా? వేరే రకంవి వెతకాలా? చూసే పద్ధతి మార్చాలా? అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి.

పెద్దపిల్లల నాన్న
మీ పాప విషయంలో కంగారు పడాల్సిందేమీ లేదండీ. మా వాడికి పదహారు. ఈ నాలుగేళ్ళలో భౌతికశాస్త్రం దాదాపు మొత్తం వీడియోలతోనే నేర్చుకున్నాడు, నేను పక్కన కూర్చున్నది చాలా తక్కువ. చదివింది 10 శాతం, విన్నది 20 శాతం, చూసింది 30 శాతం గుర్తుంటుందని అంటారు కదా. ఆ లెక్కన వీడియో పుస్తకం కంటే నయమే. పైగా కొందరు పిల్లలు చూసి నేర్చుకునే రకం. ఓపిక పట్టండి, అదే వస్తుంది.

లెక్కల మాస్టారు
నీలిఆకాశం గారూ, మీరు అడిగిన బంతి ప్రశ్న సరిగ్గా గురి చూసి అడిగినట్టుంది. దీని మీద పరిశోధన కూడా జరిగింది.

వెరిటాసియం అనే యూట్యూబ్ సైన్స్ ఛానెల్ నడిపే డెరెక్ ముల్లర్ సిడ్నీ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసింది ఈ విషయం మీదే, భౌతికశాస్త్రం నేర్పే వీడియోలు ఎలా ఉంటే పనిచేస్తాయి అని. 2008లో పూర్తి చేశారు. విద్యార్థులకు ముందు ఒక పరీక్ష పెట్టి, వీడియో చూపించి, మళ్ళీ అదే పరీక్ష పెట్టారు. ఒక రకం వీడియోలో విషయాన్ని సూటిగా, శుభ్రంగా, బొమ్మలతో వివరించారు. చూసినవాళ్ళు "చాలా స్పష్టంగా ఉంది, సులువుగా అర్థమైంది" అన్నారు. వాళ్ళ సగటు మార్కులు 26కి 6 నుంచి 6.3కి పెరిగాయి. అంటే దాదాపు పెరగలేదు.

రెండో రకం వీడియోలో ఇద్దరు మాట్లాడుకుంటారు. అందులో ఒకరు మామూలుగా అందరికీ ఉండే పొరపాటు అభిప్రాయాన్నే, అంటే మీ పాప చెప్పినటువంటి జవాబునే, ముందు గట్టిగా చెబుతారు. తర్వాత అది ఎందుకు కుదరదో ఇద్దరూ కలిసి తేల్చుకుంటారు. ఇది చూసినవాళ్ళు గజిబిజిగా ఉందన్నారు. మార్కులు మాత్రం సుమారు 11కి వెళ్ళాయి.

ఎందుకంటే పిల్ల బుర్ర ఖాళీగా ఉండదు. బంతి గురించి, ఎండాకాలం గురించి, కరెంటు గురించి దానికి ముందే ఒక నమ్మకం ఉంటుంది. శుభ్రమైన వివరణ వింటున్నప్పుడు "ఇది నాకు తెలిసిందే" అనిపిస్తుంది. ఎక్కడ తేడా ఉందో చెవిన పడదు. చూశాక అడిగితే, ముందు అనుకున్నదే ఇంకా ధీమాగా చెబుతుంది. మీ ఇంట్లో జరిగింది అదే. ఇందులో పాప శ్రద్ధకు లోటేమీ లేదు.

అందుకని నేను పిల్లలకు చెప్పేటప్పుడు ఒకే ఒక్క నియమం పెట్టుకున్నాను. *వీడియో మొదలుపెట్టకముందే ప్రశ్న అడగాలి, జవాబు కాగితం మీద రాయించాలి.* నోటితో చెబితే చాలదు. రాస్తే తర్వాత మాట మార్చడానికి ఉండదు. రాసిన జవాబు పక్కన పెట్టుకుని చూసే పిల్ల, తను చెప్పింది నిజమా కాదా అని వెతుక్కుంటూ చూస్తుంది.

అక్షరం
మాస్టారి మాటకు నా ఓటు. పెద్దపిల్లల నాన్న గారు చెప్పిన శాతాల గురించి ఒక మాట. వాటిని ఒక శంకువు బొమ్మలో చూపించి, దానికి ఎడ్గర్ డేల్ అనే విద్యావేత్త పేరు తగిలిస్తారు. ఆయన 1946లో ఇచ్చిన శంకువు బొమ్మలో అంకెలే లేవు, 10, 20, 30 శాతాలు తర్వాత ఎవరో చేర్చినవి. "చూసి నేర్చుకునే పిల్ల", "విని నేర్చుకునే పిల్ల" అన్న విభజనను కూడా 2008లో కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు పరిశీలించి, దాని ప్రకారం బోధన మారిస్తే చదువు మెరుగవుతుందనడానికి సరైన ఆధారం లేదని తేల్చారు. గుండె ఎలా కొట్టుకుంటుందో ఏ పిల్లకైనా కదిలే బొమ్మలో చూస్తేనే బాగా తెలుస్తుంది, అది విషయాన్ని బట్టి ఉంటుంది.

పెద్దపిల్లల నాన్న
శాతాల సంగతి ఇప్పుడే తెలిసింది, థాంక్సండీ. కానీ నా అసలు మాట మీద నేను నిలబడతాను. మా వాడు ఒంటరిగా చూసి నేర్చుకున్నాడన్నది నిజం. వాడు ఒక చేత్తో పాజ్ బటన్, ఇంకో చేత్తో పెన్ను పట్టుకుని చూస్తాడు. ఉదాహరణ లెక్క రాగానే ఆపేసి, తనే చేసి, జవాబు సరిచూసుకుని ముందుకెళ్తాడు. గంట పాఠానికి రెండు గంటలు పడుతుంది. పెద్ద పిల్లలకు ఇది చాలు, పక్కన మనం ఉండక్కర్లేదు.

లెక్కల మాస్టారు
మీరు చెబుతున్నదీ నేను చెబుతున్నదీ ఒకటేనండీ. మీ అబ్బాయి తన ప్రశ్న తనే వేసుకుంటున్నాడు. పన్నెండేళ్ళ పిల్లకు ఆ అలవాటు ఇంకా రాలేదు కాబట్టి ఇంకొకరు వెయ్యాలి.

చినుకు
మా ఇంట్లో పిల్లలు ఇంకా చిన్నవాళ్ళు, ఆరేళ్ళు ఒకరికి, నాలుగేళ్ళు ఒకరికి. ఇంత చిన్నవాళ్ళకు వీడియోలు అసలు పెట్టొచ్చా? ఎంతసేపు? మొదలుపెడితే ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉంటుంది, ఆపితే ఏడుపు. ఆ పేచీ తలచుకుంటేనే టెన్షన్.

అక్షరం
చినుకు గారూ, రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ పిల్లలకు కూర్చుని స్క్రీన్ చూసే సమయం రోజుకు గంట దాటకూడదని, తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అది సినిమా, పాట, సైన్స్ అన్నీ కలిపి. మీ చిన్నబాబుకు నేనైతే ప్రత్యేకంగా సైన్స్ వీడియోలు పెట్టను. బకెట్‌లో ఏది మునుగుతుంది, ఏది తేలుతుంది అని రోజుకో వస్తువు వేసి చూడనివ్వండి. ఆ వయసుకు కావలసినంత భౌతికశాస్త్రం అందులోనే ఉంది.

పెద్దబాబుకు పెడితే ఆటోప్లే ఆఫ్ చేయండి. వీడియో అయిపోగానే తర్వాతది దానంతట అది రాకపోతే సగం పేచీ తగ్గుతుంది. ముందు రోజు రాత్రి మీరే చూసి, బాగున్నవి ఒక ప్లేలిస్ట్‌లో పెట్టండి. పిల్లాడి చేతికి సెర్చ్ బాక్స్ ఇవ్వొద్దు.

ప్రయోగశాల
వీడియో ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు అన్నదానికి నాదొక కొలత ఉంది. మరీ పెద్దవి, మరీ చిన్నవి, మరీ వేగంగా జరిగేవి, మరీ నిదానంగా జరిగేవి, ప్రమాదకరమైనవి, వీటికి వీడియో. మిగతాదంతా చేత్తో చేయాలి. సీజియం లోహాన్ని నీళ్ళలో వేస్తే ఏమవుతుందో ఇంట్లో చూపించలేం, చూపించకూడదు. దానికి నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్ళ పీరియాడిక్ వీడియోస్ ఉన్నాయి, ప్రతి మూలకానికీ ఒకటి. కణం రెండుగా చీలడం, విత్తనం వారం రోజుల్లో మొలకెత్తడం ఒక్క నిమిషంలో చూడటం, వీటికీ వీడియోను మించింది లేదు. కానీ అయస్కాంతం దేన్ని లాగుతుందో వీడియోలో చూపించడం దండగ. పిల్ల చేతికి అయస్కాంతం ఇచ్చి ఇల్లంతా తిరగనివ్వండి.

ఇంకోటి. వీడియోను చూసి వదిలేయకుండా దాంట్లోంచి కొలతలు తీయొచ్చు. 1971లో అపోలో 15 యాత్రలో డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి ఒక చేతిలోంచి సుత్తినీ, ఇంకో చేతిలోంచి డేగ ఈకనూ ఒకేసారి వదిలాడు. గాలి లేదు కాబట్టి రెండూ ఒకేసారి నేలకు చేరాయి. సుత్తి 1.32 కిలోలు, ఈక 30 గ్రాములు. ఆ వీడియో అందరూ చూస్తారు, "వావ్" అంటారు, అయిపోతుంది. మేం అక్కడ ఆగలేదు. యూట్యూబ్‌లో వీడియో ఆపి కీబోర్డు మీద ఫుల్‌స్టాప్ కీ నొక్కితే ఒక్కో ఫ్రేము ముందుకు, కామా నొక్కితే వెనక్కు జరుగుతుంది. చెయ్యి వదిలిన ఫ్రేము నుంచి నేల తాకిన ఫ్రేము దాకా లెక్కపెడితే సమయం వస్తుంది. ఎత్తు సుమారు 1.6 మీటర్లు అనుకుంటే చంద్రుడి మీద 1.4 సెకన్లు పట్టాలి, ఎందుకంటే అక్కడ గురుత్వ త్వరణం, అంటే కిందికి పడే వస్తువు వేగం పెరిగే రేటు, 1.62 మీ/సె² మాత్రమే. అదే ఎత్తు నుంచి భూమి మీద వదిలితే 0.57 సెకన్లు. ఇంట్లో సుత్తి బదులు ఏదైనా మెత్తని బంతి వదిలి ఫోన్‌లో స్లో మోషన్ తీసి పోల్చుకోండి. మా అమ్మాయి చంద్రుడి లెక్కా భూమి లెక్కా పక్కపక్కన రాసుకుని, అంకెల్లో తేడా కనిపించాక "అంటే అక్కడ నిజంగానే వేరుగా ఉందన్నమాట" అంది. అప్పటిదాకా చంద్రుడంటే దానికి ఒక బొమ్మ.

ఇంకా లోతుగా పోవాలంటే ట్రాకర్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. వీడియోలో కదిలే వస్తువు మీద చుక్కలు పెడుతూ పోతే గ్రాఫ్ అదే గీస్తుంది. మీ పాప వయసుకు సరిపోతుంది.

తీరిక లేని అమ్మ
అందరూ చెప్పేది బాగుంది. కానీ నా పరిస్థితి వేరు. నేను ఉద్యోగం చేస్తూనే బాబును ఇంట్లో చదివిస్తున్నాను. పగలు మా అత్తయ్య చూసుకుంటారు, ఆవిడకు సైన్స్ రాదు. ముందు ప్రశ్న అడగడం, పక్కన కూర్చోవడం, ప్రయోగం చేయించడం, ఇవన్నీ నావల్ల అయ్యే పని కాదు. నాలాంటివాళ్ళు వీడియో పెట్టి వెళ్ళిపోవడం తప్ప ఏం చేయగలరు?

లెక్కల మాస్టారు
అమ్మా, పక్కన కూర్చునేవాళ్ళకు సైన్స్ రానక్కర్లేదు. నిజానికి రాకపోతేనే మేలు. మీ బాబు వీడియో చూసి వచ్చి నానమ్మకు వివరించాలి. ఆవిడ మొహమాటం లేకుండా "నాకు అర్థం కాలేదురా, మళ్ళీ చెప్పు", "అదెందుకు అలా?" అని అడిగితే చాలు. చదివినదాన్ని చూడకుండా గుర్తుచేసుకుని చెప్పడం, మళ్ళీ మళ్ళీ చదవడం కంటే ఎక్కువ కాలం నిలుస్తుందని రోడిగర్, కార్పికె 2006లో చేసిన ప్రయోగాల్లో తేలింది. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత పెడితే గుర్తుచేసుకున్నవాళ్ళు ముందున్నారు. మీరు చేయాల్సిందల్లా పొద్దున వెళ్ళేముందు ఒక కాగితం మీద ఒక్క ప్రశ్న రాసి అతికించడం. జవాబు మీరు సాయంత్రం చూడొచ్చు.

ప్రయోగశాల
దానికి తోడు, మీరు లేనప్పుడు వీడియో బదులు సిమ్యులేషన్, అంటే తెర మీద తనే కదిపి చూసే ప్రయోగం, ఇవ్వండి. కొలరాడో బౌల్డర్ విశ్వవిద్యాలయం వాళ్ళ ఫెట్ (PhET) సైట్ ఉంది. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు, పూర్తిగా ఉచితం, ఫోన్ బ్రౌజర్‌లో కూడా నడుస్తుంది. కరెంటు సర్క్యూట్ కట్టేదాంట్లో బ్యాటరీ, బల్బు, తీగ లాగి కలుపుకోవచ్చు. తీగ తప్పుగా కలిపి షార్ట్ సర్క్యూట్ అయితే తెర మీద మంట కనిపిస్తుంది, ఎవరికీ ఏమీ కాదు. వీడియో పిల్లాడు ఏం చేసినా చేయకపోయినా ముందుకు పోతుంది. సిమ్యులేషన్ పిల్లాడు కదిపితేనే కదులుతుంది.

తీరిక లేని అమ్మ
నానమ్మకు చెప్పించడం! ఇది చేయగలను. ఆవిడకు కూడా ఇష్టమే, ఎప్పుడూ వాడితో కబుర్లాడాలని చూస్తుంటారు.

నీలిఆకాశం
అందరికీ ధన్యవాదాలు. ఇంకో అనుమానం. వీడియోలో చెప్పేది నిజమో కాదో నాలాంటిదానికి ఎలా తెలుస్తుంది? ఒక ప్రయోగం వీడియో చూపిస్తూ బాబు చేద్దామంటున్నాడు. పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, పైన గాజు గ్లాసు బోర్లిస్తే కొవ్వొత్తి ఆరిపోయి నీళ్ళు గ్లాసులోకి ఎక్కుతాయి. "ఆక్సిజన్ అయిపోయింది కాబట్టి ఆ ఖాళీలోకి నీళ్ళు వెళ్ళాయి" అని చెప్పారు. లక్షల మంది చూశారు. ఇది సరైనదేనా?

ప్రయోగశాల
ప్రయోగం భేషైనది, వివరణ సరైనది కాదు. ఎన్నో వీడియోల్లో, పుస్తకాల్లో కూడా ఇదే రాస్తారు. కాబట్టి చేయండి, కానీ కళ్ళు పెట్టి చూడండి.

మొదట చూడాల్సింది, నీళ్ళు *ఎప్పుడు* ఎక్కుతున్నాయి అని. ఆక్సిజన్ తరిగిపోవడమే కారణమైతే, మంట వెలుగుతున్నంతసేపూ నీళ్ళు మెల్లగా ఎక్కుతూ ఉండాలి. అలా జరగదు. మంట చిన్నదై ఆరిపోయే సమయానికి, ఆరిపోయాక గబగబా ఎక్కుతాయి. రెండోది, గ్లాసు బోర్లించేటప్పుడు అంచు దగ్గర చూడండి. బుడగలు బయటికి రావడం చాలాసార్లు కనిపిస్తుంది. మంట వేడికి లోపలి గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతోందన్నమాట. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి సంకోచిస్తుంది, లోపల పీడనం తగ్గుతుంది, బయటి గాలి నీళ్ళను లోపలికి నెడుతుంది. ప్రధాన కారణం ఇదీ.

ఆక్సిజన్ పాత్ర అసలు లేదని కాదు. కానీ గాలిలో ఉన్న 21 శాతం ఆక్సిజన్ మొత్తం అయిపోయేదాకా కొవ్వొత్తి వెలగదు, ఇంకా చాలా మిగిలి ఉండగానే ఆరిపోతుంది. ఖర్చయిన ఆక్సిజన్ చోట కార్బన్ డయాక్సైడ్ కూడా పుడుతుంది. మైనం మండినప్పుడు ఖర్చయిన ప్రతి మూడు పాళ్ళ ఆక్సిజన్‌కు సుమారు రెండు పాళ్ళ కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అందుకని "ఖాళీ అయిపోయింది" అన్న మాట నిలబడదు.

అక్షరం
నీలిఆకాశం గారి ప్రశ్నకు సూటి జవాబు: ఎంతమంది చూశారన్నది చూడొద్దు. ఒకే విషయం మీద రెండు వేర్వేరు చోట్ల వివరణ చూడండి, కుదిరితే అందులో ఒకటి విశ్వవిద్యాలయానిదో, నాసా లాంటి సంస్థదో, మ్యూజియందో అయ్యేలా చూసుకోండి. రెండూ కలవకపోతే పిల్లలను పిలిచి ఎవరిది నిజమో ఎలా తేల్చాలి అని అడగండి. మంచి పాఠం అదే అవుతుంది. ఈ మధ్య కృత్రిమ మేధతో తయారుచేసిన వీడియోలు కూడా ఎక్కువయ్యాయి. పిరమిడ్లు కరెంటు తయారుచేసేవని చెప్పేవి కూడా పిల్లల సైన్స్ వీడియోల మధ్యలో వచ్చి కూర్చుంటున్నాయి. చెప్పేది ఎవరో పేరు లేకుండా, ఉత్త గొంతు, ఎక్కడివో తెలియని బొమ్మలు ఉంటే పక్కన పెట్టేయండి.

చినుకు
"ఇంట్లోనే చేయండి" అని చెప్పే ప్రయోగాల గురించి కూడా ఎవరైనా రాయండి ప్లీజ్. చూస్తే భయమేస్తోంది.

లెక్కల మాస్టారు
చెబుతానమ్మా. ఏ ప్రయోగమైనా ముందు పెద్దవాళ్ళు ఒక్కరే చేసి చూడాలి. మంట, గాజు, వేడినీళ్ళు ఉంటే పక్కనే ఉండాలి. బ్లీచ్‌లో వెనిగర్ గానీ, ఇంకే శుభ్రం చేసే ద్రవం గానీ ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. కరెంటు ప్రయోగాలు చిన్న బ్యాటరీ సెల్ దాటి వెళ్ళకూడదు, గోడలోని ప్లగ్‌తో సంబంధం ఉన్నది ఏదీ వద్దు. పాత మైక్రోవేవ్‌లోంచి ట్రాన్స్‌ఫార్మర్ తీసి చెక్క మీద మెరుపు గీతలు వేసే వీడియోలు తిరుగుతున్నాయి. అది చేయబోయి ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. అలాంటిది పిల్లల కంటపడితే చూసీచూడనట్టు వదిలేయకుండా, ఎందుకు ప్రమాదమో కూర్చోబెట్టి చెప్పండి.

పెద్దపిల్లల నాన్న
మాస్టారూ, వీడియో నిడివి గురించి కూడా చెప్పండి. మా చెల్లెలి పిల్లలకు నేనే వెతికిపెడుతున్నాను.

లెక్కల మాస్టారు
నిడివి కంటే ఎక్కడ ఆపుతామన్నది ముఖ్యం. ఇరవై నిమిషాల వీడియో అయినా నాలుగైదు చోట్ల ఆపి మాట్లాడుకుంటే ఇబ్బంది లేదు. రిచర్డ్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బొమ్మలూ మాటలూ కలిసిన పాఠాల మీద చాలా ఏళ్ళు పనిచేశారు. పాఠాన్ని చిన్న ముక్కలుగా చేసి, తర్వాతి ముక్క ఎప్పుడు మొదలవ్వాలో నేర్చుకునేవాళ్ళ చేతిలో పెడితే బాగా నేర్చుకుంటారని ఆయన చూపించారు. విషయంతో సంబంధం లేని హంగులు, వెనక మోగే సంగీతం, ఆసక్తి కోసం ఇరికించిన కథలు నేర్చుకోవడానికి అడ్డం పడతాయని కూడా చెప్పారు. ఎంచుకునేటప్పుడు ఈ రెండూ చూసుకోండి. తళుకుబెళుకులు ఎక్కువున్న వీడియో కంటే, తెల్లబోర్డు మీద ఒకరు నిదానంగా గీసి చెప్పేది చాలాసార్లు మేలు. మరీ వేగంగా మాట్లాడితే 0.75 స్పీడు పెట్టండి, క్యాప్షన్లు పెట్టండి.

నీలిఆకాశం
కొవ్వొత్తి ప్రయోగం చేశాం! వెలిగించకముందే ఇద్దరి చేతా రాయించాను. పాప "మంట వెలుగుతుంటే నీళ్ళు ఎక్కుతాయి" అని రాసింది. బాబు "ఆరిపోయాక" అని రాశాడు, ఎందుకని అడిగితే "ఊరికే" అన్నాడు. గ్లాసు పెట్టగానే అంచు దగ్గర రెండు బుడగలు వచ్చాయి. పాపే ముందు చూసింది. "అమ్మా, లోపలికి వెళ్ళాల్సింది బయటికి వస్తోందేంటి?" అని అరిచింది. తర్వాత ఆ వీడియో మళ్ళీ పెట్టుకుని, ఆక్సిజన్ మాట రాగానే ఆపేసి, "మరి ఆ బుడగలెక్కడివి?" అని తెరను నిలదీసింది. ఇన్ని నెలల్లో వీడియో చూస్తూ అది ఎదురు ప్రశ్న వేయడం ఇదే మొదటిసారి. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఇప్పుడు బాబు రెండు కొవ్వొత్తులు పెడితే ఏమవుతుందని పట్టుకున్నాడు. పాప "ఆక్సిజన్ అంతే ఉంటుంది కాబట్టి నీళ్ళూ అంతే ఎక్కాలి, అదీ ఆక్సిజనే కారణమైతే" అంటోంది. ఎలా చేయించాలి?

ప్రయోగశాల
మీ పాప ప్రయోగం సగం రూపొందించేసింది. గ్లాసు అదే ఉండాలి, పళ్ళెంలో నీళ్ళు అంతే ఉండాలి, కొవ్వొత్తులు ఒకే ఎత్తులో ఉండాలి. గ్లాసు మీద స్కేలుతో సెంటీమీటరు గీతలు గీయండి. ఒక కొవ్వొత్తితో మూడుసార్లు, రెండింటితో మూడుసార్లు చేసి, ఎక్కిన ఎత్తు ప్రతిసారీ రాయించండి. మధ్యలో గ్లాసు పూర్తిగా చల్లారనివ్వండి, లేకపోతే కొలతలు కలవవు. ఏమవుతుందో నేను చెప్పను, ఇద్దరూ తమ ఊహలు ముందు రాసుకోవాలి. అంకెలు వచ్చాక ఇక్కడ పెట్టండి, చూద్దాం.

చినుకు
మేమూ చేస్తాం. మా గ్లాసు సన్నగా పొడుగ్గా ఉంది, ఫర్వాలేదా?

ప్రయోగశాల
ఫర్వాలేదండీ. రెండు కొవ్వొత్తులు గ్లాసు గోడకు తగలకుండా పడతాయో లేదో వెలిగించకముందే ఒకసారి పెట్టి చూసుకోండి. పిల్లలు చిన్నవాళ్ళు కదా, వెలిగించేదీ గ్లాసు బోర్లించేదీ మీరే, వాళ్ళ పని బుడగలు చూడటం.